టరెట్ తిరగట్లేదా? కవర్ విప్పే ముందు ఇవి చూడండి

రాత్రి రెండు గంటలకి ఫోన్ మోగితే, అవతల ఆపరేటర్ "అన్నా, టరెట్ మధ్యలో నిలబడిపోయింది, రీసెట్ కొట్టినా అలారం పోవట్లే" అంటాడు. టరెట్ అంటే లేత్‌లో టూల్స్ అన్నీ బిగించి ఉండి, తిరిగి టూల్ మార్చే భాగం. బెంగళూరు పీణ్యాలో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ల మెయింటెనెన్స్ చేసే మనవాళ్లకి ఇది వారానికి ఒకసారైనా వచ్చే ఫోనే. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి ఐటీఐ చేసుకుని వచ్చిన కుర్రాళ్లు చాలామంది ఇక్కడ షెడ్లలో ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది ఫోన్ రాగానే చేసే మొదటి పని ఎలన్‌కీ సెట్ తీసుకుని టరెట్ కవర్ విప్పేయడం. దయచేసి అలా చేయకండి. నేను చూసినంతలో పదిసార్లలో ఏడెనిమిది సార్లు తప్పు టరెట్ లోపల ఉండదు, వైర్‌లోనో సెన్సార్‌లోనో ప్యానెల్‌లోనో ఉంటుంది, విప్పాక మళ్లీ సరిగ్గా బిగించకపోతే లేని తప్పు కొత్తగా పుట్టుకొస్తుంది.

అసలు విషయం ఏంటంటే టరెట్ ఇండెక్స్ అవ్వడం, అంటే ఒక టూల్ నుంచి ఇంకో టూల్‌కి తిరగడం, అనేది ఒక్క పని కాదు, వరసగా ఐదారు పనులు జరగాలి, ఒకటి అయ్యిందని సిగ్నల్ వస్తేనే ఇంకోటి మొదలవుతుంది. ఆ వరసలో ఎక్కడ ఆగిందో కనుక్కోవడమే మన పని. అది తెలిసిపోతే ఏ పార్ట్ చూడాలో దానంతట అదే తెలుస్తుంది.

ముందు చేతులు భద్రం

టరెట్ సైకిల్ మధ్యలో ఆగిందంటే కంట్రోల్ ఇంకా ఒక సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఆ టైంలో మీరు స్క్రూడ్రైవర్ పెట్టి ప్రాక్సిమిటీ సెన్సార్ (ఇనుము దగ్గరికి వస్తే తాకకుండానే సిగ్నల్ ఇచ్చేది) ముందు ఆడించారనుకోండి, సిగ్నల్ వచ్చేసిందనుకుని మోటార్ ఒక్కసారిగా తిరుగుతుంది, డిస్క్ మీద బోరింగ్ బార్లు, డ్రిల్లులు ఉంటాయి, చెయ్యి అక్కడ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకని పవర్ ఆన్‌లో ఉండగా చూడాల్సినవి స్క్రీన్ మీద, ప్యానెల్ దగ్గర మాత్రమే చూడండి. టరెట్ దగ్గర చెయ్యి పెట్టాలంటే ఎమర్జెన్సీ నొక్కడం చాలదు, మెయిన్ ఐసోలేటర్ ఆఫ్ చేసి తాళం వేసి ఆ తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి, హైడ్రాలిక్ టరెట్ అయితే గేజ్‌లో ప్రెజర్ సున్నాకి దిగేదాకా ఆగండి. డోర్ స్విచ్‌కి జంపర్ వేసి పని చేసే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి.

ఇంకోటి, మళ్లీ తిప్పి చూసే ముందు ఎక్స్, జెడ్ యాక్సిస్‌లు రెండూ చక్‌కి (జాబ్‌ని పట్టుకుని తిరిగే భాగం) దూరంగా జరిపి పెట్టండి. టరెట్ ఏ టూల్ దగ్గర ఆగుతుందో మనకే తెలియని టైంలో చక్ పక్కన పెట్టుకుని తిప్పకూడదు.

ఆపరేటర్‌ని అడగండి, తిట్టకుండా అడగండి

ఐదు నిమిషాలు ఆపరేటర్‌తో మాట్లాడితే రెండు గంటల పని తగ్గుతుంది. ఏ టూల్ నుంచి ఏ టూల్‌కి వెళ్తుంటే ఆగింది? అన్ని టూల్స్‌కీ ఆగుతోందా, ఒకటి రెండింటికేనా? ఆగే ముందు కరెంట్ పోయి వచ్చిందా? క్రాష్ అయ్యిందా? ఎయిర్ గన్‌తో టరెట్ వెనక ఊదారా? కొత్తగా బరువైన బోరింగ్ బార్ ఏదైనా పెట్టారా? ఈ మధ్య మెషిన్ ఇంకో షెడ్‌కి మార్చారా?

క్రాష్ గురించి అడిగేటప్పుడు మెల్లగా అడగండి. జీతంలో కోస్తారేమో అని కుర్రాళ్లు చెప్పరు. "నీ మీదకి రాకుండా నేను చూసుకుంటా, నిజం చెప్పు" అంటే చెప్తారు, ఆ మాట ఇచ్చాక దాన్ని నిలబెట్టుకోవాలి, లేకపోతే ఇంకోసారి మీకు ఎవరూ ఏమీ చెప్పరు.

మీది ఏ టరెట్?

మూడు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. బ్రేక్ మోటార్, సొలెనాయిడ్‌తో నడిచే ఎలక్ట్రికల్ టరెట్, హైడ్రాలిక్ టరెట్, సర్వో టరెట్. మన చిన్న షెడ్లలో ఎక్కువగా మొదటిదే ఉంటుంది కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తా.

8 స్టేషన్ల, అంటే 8 టూల్స్ పట్టే, ఎలక్ట్రికల్ టరెట్‌లో వరస ఇలా ఉంటుంది. ప్రోగ్రాం నుంచి టూల్ మార్చమనే టీ కోడ్ రాగానే బ్రేక్ వదులుతుంది, త్రీ ఫేజ్ మోటార్ దగ్గరి దారి ఎటు ఉంటే అటు తిరగడం మొదలవుతుంది. మొదటి కొంచెం తిరుగుడుకి లోపల పళ్ల కప్లింగ్ లాక్ విడిపోతుంది, తర్వాత డిస్క్ తిరుగుతుంది. వెనక ఉన్న ఎన్‌కోడర్ ఏ స్టేషన్ దాటుతోందో కంట్రోల్‌కి చెప్తూ ఉంటుంది. మనకి కావాల్సిన స్టేషన్ దగ్గరికి రాగానే సొలెనాయిడ్‌కి 24 వోల్టులు వెళ్తాయి, అది ఒక పిన్‌ని గాడిలోకి తోస్తుంది, పిన్ పడిందని ఒక ప్రాక్సిమిటీ చెప్తుంది. వెంటనే మోటార్ ఆగి, కన్ను మూసి తెరిచేంత గ్యాప్ తర్వాత వెనక్కి తిరుగుతుంది, పిన్ ఆపేసింది కాబట్టి డిస్క్ కదలదు, కప్లింగ్ లాక్ అవుతుంది. లాక్ అయ్యిందని రెండో ప్రాక్సిమిటీ చెప్తే మోటార్ ఆఫ్, సొలెనాయిడ్ ఆఫ్, బ్రేక్ పడుతుంది. అప్పుడు కంట్రోల్ అయిపోయిందనుకుని తర్వాతి లైన్‌కి వెళ్తుంది.

ఈ వరస నోటికి వచ్చేదాకా చదవండి, మిగతాదంతా దీని మీదే ఉంది.

స్క్రీన్ ఓపెన్ చేయండి

ఫానక్ కంట్రోల్ అయితే సిస్టమ్ బటన్ నొక్కి పీఎంసీ మెయింటెనెన్స్‌లో సిగ్నల్ పేజీకి వెళ్లండి. అక్కడ ఎఫ్ 7.3 చూడండి, అది 1 ఉంటే టీ కోడ్ కంట్రోల్ నుంచి బయటికి వచ్చింది, ఇంకా పని అవ్వలేదు అని. జీ 4.3 అనేది పని అయిపోయిందని ల్యాడర్ (మెషిన్ సిగ్నల్స్‌ని నడిపే లోపలి ప్రోగ్రాం) తిరిగి చెప్పే ఫినిష్ సిగ్నల్. ఎఫ్ 7.3 అసలు 1 అవ్వట్లేదంటే తప్పు టరెట్‌ది కాదు, ప్రోగ్రాంలోనో, మోడ్‌లోనో, డోర్ లాంటి ఇంటర్‌లాక్‌లోనో చూసుకోవాలి. ఎఫ్ 7.3 అలాగే 1 మీద నిలబడిపోయి ఉంటే అప్పుడు టరెట్ ఇన్‌పుట్లకి రండి. సీమెన్స్ అయితే డయాగ్నోసిస్‌లో పీఎల్‌సీ స్టేటస్ పేజీలో ఇన్‌పుట్లు ఇలాగే చూడొచ్చు.

టరెట్ ప్రాక్సిమిటీలు, ఎన్‌కోడర్ వైర్లు ఏ ఎక్స్ అడ్రస్‌లో (ఇది ఇన్‌పుట్ నంబర్, ఎక్స్ యాక్సిస్ కాదు) ఉన్నాయో మెషిన్ వైరింగ్ డయాగ్రమ్‌లో ఉంటుంది, అది మెషిన్ మెషిన్‌కీ మారుతుంది కాబట్టి పక్క షెడ్ మెషిన్ అడ్రస్ గుర్తుపెట్టుకుని ఇక్కడ వెతక్కండి. డయాగ్రమ్ బుక్ సాధారణంగా ప్యానెల్ డోర్ వెనక జేబులో ఉండాలి, చాలా షెడ్లలో ఆ జేబు ఖాళీగా ఉంటుంది. అందుకే మెషిన్ బాగున్న రోజే ఒక పని చేయండి, ఒక్కో స్టేషన్ లాక్ చేసి ఆ పేజీ ఫోటో తీసుకోండి, మొత్తం 8 ఫోటోలు. చెడిపోయిన రోజు ఆ ఫోటోలు పక్కన పెట్టి చూస్తే ఏ సిగ్నల్ రావట్లేదో చిన్న పిల్లాడికైనా తెలుస్తుంది.

అసలు కదలకపోతే

టీ కోడ్ ఇచ్చాం, మోటార్ సౌండే లేదు. ముందు ప్యానెల్ తెరిచి టరెట్ మోటార్ ఎంసీబీ, ఓవర్‌లోడ్ ట్రిప్ అయ్యాయా చూడండి. ట్రిప్ అయ్యి ఉంటే పైకి లేపి వెళ్లిపోకండి, ఎందుకు ట్రిప్ అయ్యిందో కావాలి. మోటార్ లోపల థర్మల్ స్విచ్ కూడా ఉంటుంది, మోటార్ వేడెక్కితే అది తెరుచుకుని ఇండెక్స్ ఆపేస్తుంది, అరగంట చల్లారాక మళ్లీ నడుస్తుంది. "పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం ఆగుతుంది" అని ఆపరేటర్ అన్నాడంటే నా అనుమానం మొదట దీని మీదకే పోతుంది. సెకన్ల మీద టూల్ మారే చిన్న జాబ్‌లో అలా అవ్వచ్చు, లేదా బ్రేక్ పూర్తిగా వదలక మోటార్ బ్రేక్‌ని ఈడ్చుకుంటూ తిరుగుతూ ఉండొచ్చు.

మోటార్ "మ్‌మ్‌మ్" అని మూలుగుతూ కదలకపోతే రెండే, ఒక ఫేజ్ పోయి ఉండాలి లేదా బ్రేక్ వదలట్లేదు. కాంటాక్టర్ (మోటార్‌కి కరెంట్ కలిపే స్విచ్) పడినప్పుడు అవుట్‌పుట్ మూడు టెర్మినల్స్ మధ్య మల్టీమీటర్‌తో చూడండి, మూడు జతల మధ్యా వోల్టేజ్ ఒకేలా ఉండాలి. ఒక టెర్మినల్ ఉన్న రెండు జతలూ తక్కువ చూపిస్తే కాంటాక్టర్ లోపల ఆ టెర్మినల్ పాయింట్ కాలిపోయి ఉండొచ్చు. వెనక్కి తిప్పే కాంటాక్టర్ వేరే, ముందుకి తిప్పేది వేరే, రెండూ చూడాలి.

మెషిన్ కొత్త షెడ్‌కి మార్చాక టరెట్ గోల మొదలైతే ఫేజ్ వరస చూడండి. త్రీ ఫేజ్‌లో రెండు తారుమారైతే టరెట్ ఎదురు తిరుగుతుంది, నంబర్లు కలవవు, లాక్ అవ్వదు. దీనికి పక్కా గుర్తు ఒకటి ఉంది, హైడ్రాలిక్ పంపు కూడా ఉల్టా తిరిగి చక్ ప్రెజర్ రాదు, కూలెంట్ సన్నగా వస్తుంది. అలాంటప్పుడు టరెట్ మోటార్ దగ్గర వైర్లు మార్చకండి, మెషిన్‌కి కరెంట్ వచ్చే చోట రెండు ఫేజ్‌లు మార్చండి, అన్నీ ఒకేసారి సరిపోతాయి.

గుండ్రంగా తిరుగుతూనే ఉంటే

టరెట్ ఆగకుండా రెండు మూడు రౌండ్లు తిరిగి అలారం కొట్టిందంటే దానికి కావాల్సిన స్టేషన్ కనపడట్లేదు, లేదా కనపడినా పిన్ పడట్లేదు. సొలెనాయిడ్ "టక్" మన్న శబ్దం వినిపిస్తుందా చూడండి. అవుట్‌పుట్ వెలిగి టక్ లేదంటే ప్యానెల్‌లో సొలెనాయిడ్ టెర్మినల్ దగ్గర 24 వోల్టులు వస్తున్నాయా కొలవండి. టక్ కూడా ఉందంటే పిన్ గాడిలో గ్రీజు, చిప్స్ (లోహపు తరుగు) గట్టిపడి పిన్ పూర్తిగా లోపలికి వెళ్లట్లేదేమో చూడాలి.

ఇక ఎన్‌కోడర్. ఇది కొంచెం ఓపికగా చదవండి, చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. చాలా టరెట్లలో స్టేషన్ నంబర్ నాలుగు వైర్ల మీద వస్తుంది, వాటి విలువలు 1, 2, 4, 8. ఏ వైర్లు వెలిగితే వాటిని కూడితే స్టేషన్ నంబర్. 3 అంటే 1, 2 వైర్లు, 7 అంటే 1, 2, 4 వైర్లు, 8 అంటే 8 వైర్ ఒక్కటే. ఇప్పుడు 2 విలువ ఉన్న వైర్ తెగిందనుకోండి, స్టేషన్ 2 సున్నాగా కనిపిస్తుంది, 3 వచ్చి 1 లాగా, 6 వచ్చి 4 లాగా, 7 వచ్చి 5 లాగా కనిపిస్తుంది. కానీ 1, 4, 5, 8 మాత్రం బాగానే ఉంటాయి. అంటే ఏ టూల్స్ పని చేస్తున్నాయి, ఏవి చేయట్లేదు అని ఒక కాగితం మీద రాస్తే తెగిన వైర్ ఏదో కాగితమే చెప్పేస్తుంది. బేసి నంబర్లు అన్నీ తప్పితే 1 వైర్, 4, 5, 6, 7 తప్పితే 4 వైర్, ఒక్క 8 తప్పితే 8 వైర్. ప్యారిటీ వైర్ (నంబర్ సరిగ్గా వచ్చిందో సరిచూసే అదనపు వైర్) కూడా ఉన్న టరెట్ అయితే తప్పు నంబర్ చూపించకుండా నేరుగా అలారం ఇస్తుంది, అయినా సిగ్నల్ పేజీలో ఈ లెక్క వేసుకోవచ్చు. ఎన్‌కోడర్ నిజంగా చచ్చిపోతే ఇలా పద్ధతిగా తప్పదు, అన్నీ పోతాయి లేదా ఎటుపడితే అటు మారుతూ ఉంటాయి. ఖరీదైన ఎన్‌కోడర్ ఆర్డర్ పెట్టే ముందు ఈ కాగితం లెక్క తప్పకుండా వేయండి.

ఆగింది కానీ లాక్ అవ్వలేదు, లేదా లాక్ అయ్యింది కానీ నమ్మట్లేదు

ఈ రెండూ వేరు. డిస్క్‌ని చూస్తే తెలుస్తుంది, పవర్ తీసి తాళం వేశాక చేత్తో అటూ ఇటూ ఆడించండి. కొంచెమైనా ఆడితే లాక్ నిజంగా పడలేదు. రాయిలా ఉంటే లాక్ పడింది, సెన్సార్ చెప్పట్లేదు అంతే.

ఆడుతోందంటే వెనక్కి తిప్పే కాంటాక్టర్ పడిందా, పిన్ ప్రాక్సిమిటీ సిగ్నల్ వచ్చిందా చూడండి. రెండూ ఉండి కూడా లాక్ పడకపోతే అప్పుడు మెకానికల్ వైపు అనుమానించొచ్చు. డిస్క్ ముందుకి లేచి తిరిగే పాత రకం టరెట్లలో పళ్ల మధ్య చిప్స్ ఇరుక్కుంటాయి, లేవకుండా తిరిగే రకంలో అది చాలా తక్కువ. మోటార్ వెనక చేత్తో తిప్పడానికి ఎలన్‌కీ చోటు చాలా టరెట్లలో ఉంటుంది, మాన్యువల్ చూసి, పవర్ ఆఫ్‌లో, బ్రేక్ వదిలించి మెల్లగా తిప్పితే ఎక్కడ బిగుసుకుంటోందో చేతికే తెలుస్తుంది.

రాయిలా ఉందంటే ప్రాక్సిమిటీ. మూడు వైర్ల ప్రాక్సిమిటీలో బ్రౌన్ ప్లస్ 24, బ్లూ సున్నా, బ్లాక్ సిగ్నల్. ప్యానెల్‌లో ఆ వైర్లు వచ్చే టెర్మినల్స్ దగ్గర బ్రౌన్, బ్లూ మధ్య 24 ఉందా? ఉంటే బ్లాక్, బ్లూ మధ్య కొలవండి. పీఎన్‌పీ రకం అయితే ఇనుము ముందుకి వచ్చినప్పుడు 24 దగ్గర రావాలి, లేనప్పుడు సున్నా. సెన్సార్ వెనక లైట్ వెలుగుతూ స్క్రీన్ మీద ఎక్స్ బిట్ మారకపోతే సెన్సార్ మంచిదే, మధ్యలో వైర్ పోయింది. లైట్ కూడా వెలగకపోతే గ్యాప్ చూడండి, చిన్న సెన్సార్లు 2 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్ల లోపలే చూస్తాయి, నట్టు కొంచెం వదులైనా అంతే సంగతులు. మూతి మీద చిప్ అతుక్కుని ఉంటే ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోతుంది, అదీ తప్పే. కొత్తది కొనేటప్పుడు పాతది జేబులో వేసుకుని బెంగళూరు ఎస్పీ రోడ్ షాపులకి వెళ్లండి, పీఎన్‌పీ, ఎన్‌పీఎన్ మారితే సైజు సరిపోయినా సిగ్నల్ రాదు.

నాకు బాగా నేర్పిన కేసు ఒకటి చెప్తా. పీణ్యా సెకండ్ స్టేజ్‌లో ఒక షెడ్, లాక్ సిగ్నల్ అలారం, రోజుకి రెండు మూడు సార్లు. ప్రాక్సిమిటీ మార్చాను, రెండు రోజులు బాగుంది, మళ్లీ వచ్చింది. ఇంకో ప్రాక్సిమిటీ మార్చాను, మళ్లీ వచ్చింది. అప్పుడు ఆపరేటర్, హాసన్ వైపు కుర్రాడు, ఒక మాట అన్నాడు, ఎక్స్ బాగా కిందికి, సెంటర్ దగ్గరికి దిగినప్పుడే వస్తోంది అని. వెంటనే ఎక్స్‌ని హ్యాండ్‌వీల్‌తో మెల్లగా దించుతూ స్క్రీన్ మీద ఆ ఒక్క బిట్‌నే చూస్తూ కూర్చున్నాను. ఒక చోట 1 కాస్తా 0 అయ్యింది, పైకి లేపితే మళ్లీ 1. కేబుల్ చైన్ వంగే చోట వైర్ లోపల రాగి తెగి ఉంది, పైన తొడుగు మాత్రం కొత్తదానిలా నున్నగా ఉంది. ఎక్స్ దిగినప్పుడు సాగి విడిపోయేది, పైకి వస్తే మళ్లీ అతుక్కునేది. నేను ప్రాక్సిమిటీ మార్చినప్పుడు కేబుల్ కొంచెం కదిలింది కాబట్టి రెండు రోజులు బాగుంది. అప్పటి నుంచి అప్పుడప్పుడు వచ్చి పోయే తప్పు ఏదైనా సరే, ముందు యాక్సిస్ కదిలించి బిట్ చూస్తాను. కేబుల్ మార్చేటప్పుడు చైన్‌లో వేసే మెత్తటి ఫ్లెక్సిబుల్ కేబులే వేయండి, మామూలు ప్యానెల్ వైర్ వేస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే చోట తెగుతుంది.

హైడ్రాలిక్, సర్వో వాళ్లకి

హైడ్రాలిక్‌లో ముందు గేజ్ చూడండి, మెషిన్ ప్లేట్ మీద ఎంత రాసి ఉందో అంత ఉండాలి, ఇండెక్స్ అయ్యేటప్పుడు సూది ఎంత పడిపోతుందో కూడా చూడండి. ఆయిల్ లెవెల్, ఫిల్టర్, ఆ తర్వాత సొలెనాయిడ్ వాల్వ్. కాయిల్‌కి కరెంట్ వస్తున్నా వాల్వ్ లోపల అటూ ఇటూ జరిగే స్పూల్ మురికికి ఇరుక్కుపోతుంది. చెన్నైలో అంబత్తూరులో పనిచేసే మా బావమరిది వాళ్లకి మే నెలలో ఈ గోల ఎక్కువ, వేడికి ఆయిల్ పల్చబడి లోపల లీకులు పెరిగి క్లాంప్ ప్రెజర్ చాలట్లేదు, వాళ్లు ఆయిల్ కూలర్ ఫ్యాన్ జాలీ శుభ్రం చేయడంతోనే సగం తగ్గించుకున్నారు.

సర్వో టరెట్‌లో బ్యాటరీ ముఖ్యం. పొజిషన్ గుర్తుపెట్టుకునే బ్యాటరీ లో అని అలారం వస్తే మెషిన్ పవర్ ఆన్‌లో ఉంచే బ్యాటరీ మార్చండి, పవర్ తీసి మార్చితే స్టేషన్ 1 ఎక్కడుందో మర్చిపోతుంది. మర్చిపోతే మాన్యువల్‌లో ఉన్న రిఫరెన్స్ పద్ధతి అక్షరం తప్పకుండా చేయాలి, అందాజుగా పారామీటర్లు మార్చకండి.

క్రాష్ తర్వాత

తిరుగుతుంది, లాక్ అవుతుంది, కానీ డ్రిల్ సెంటర్‌కి రావట్లేదు, బోర్ టేపర్ వస్తోంది అంటే టరెట్ జరిగింది. పప్పీ డయల్ (సన్న తేడాలు కొలిచే ముల్లు గేజ్) బేస్‌ని చక్‌కి పెట్టి, బోరింగ్ బార్ హోల్డర్ రంధ్రం లోపల ముల్లు ఆనించి చక్‌ని చేత్తో తిప్పండి. పైన, కింద రీడింగ్‌ల తేడాలో సగం ఎంత ఉందో అంత టరెట్ ఎత్తు తప్పింది. ఎక్స్ వైపు తేడా ఆఫ్‌సెట్‌తో సర్దొచ్చు కానీ ఎత్తు తేడాని ఏ ఆఫ్‌సెట్టూ సర్దదు. తర్వాత డయల్‌ని డిస్క్ ముఖం మీద ఆనించి ఎక్స్ జరిపి చూడండి, ముఖం వంకర పోయిందో లేదో తెలుస్తుంది. టరెట్ బోల్టులు వదులు చేసి నైలాన్ సుత్తితో తట్టి సరిచేసే పని ఒక్కరే చేయొద్దు, ఒకసారి అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి చూశాకే చేయండి.

బరువు గురించి ఒక ముక్క. బరువైన బోరింగ్ బార్లన్నీ ఒకే పక్క పెడితే డిస్క్ ఆ పక్కకి బరువుగా తిరిగి పిన్ మీద దెబ్బ పడుతుంది, "ధన్" మని శబ్దం వస్తుంది. ఎదురెదురుగా సర్దండి.

అయిపోయాక మెషిన్ ఇచ్చేసే ముందు ఎమ్‌డీఐలో (కమాండ్ చేత్తో టైప్ చేసి నడిపే మోడ్) ఒక్కో స్టేషన్ పిలిచి, 1 నుంచి 8, మళ్లీ 8 నుంచి 1, మధ్యలో 2 నుంచి 6 లాంటి పొడవు దూకుళ్లు కూడా తిప్పండి. ప్రతిసారీ స్క్రీన్ మీద నంబర్, డిస్క్ మీద చెక్కిన నంబర్ ఒకటేనా కళ్లతో చూడండి. ఎన్‌కోడర్ విప్పి బిగించినప్పుడు ఒక్క స్టేషన్ పక్కకి పడితే మెషిన్‌కి అలారమే రాదు, ఫినిషింగ్ టూల్ అనుకుని డ్రిల్‌ని చక్‌లోకి తోసేస్తుంది. అందుకని మొదటి జాబ్ సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో లైన్ దగ్గర ఆగే మోడ్), ర్యాపిడ్ స్పీడ్ తగ్గించి, ఆపరేటర్ వేలు కదలిక ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీద ఉండగా నడపండి, ఆ ఒక్క జాబ్ పూర్తయ్యేదాకా మీరు అక్కడే నిలబడండి.